పెయింటర్ గారి గదికి ఒక మొక్క

నీడ పిన్ని కొట్లో మొక్క కావాలని అడగ్గానే చేతిలో పెట్టదు. ముందు గది చూపించమంటుంది. గది చూడకుండా మొక్కనివ్వడమూ, ఇల్లు చూడకుండా పిల్లనివ్వడమూ ఒకటేనని ఆవిడ సిద్ధాంతం. "ఎండ రాదు పిన్నీ, కాస్త చీకటిగా ఉంటుంది, ఏదో ఒకటిద్దూ" అని ఎవరైనా తొందరపెడితే కళ్లజోడు ముక్కు చివరికి జార్చి చూస్తుంది. "కాస్త చీకటంటే ఎంత? సినిమా హాలు చీకటా, మంచం కింద చీకటా?" అంటుంది. దానికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

గదికి వచ్చాక మొక్క పెట్టబోయే చోట ఒక తెల్ల కాగితం పరుస్తుంది. దానికి జానెడు ఎత్తున అరచెయ్యి చాపి నీడ చూస్తుంది. వేళ్లు విడివిడిగా కనిపిస్తే ఒక రకం మొక్క, అన్నీ కలిసి మసకగా కనిపిస్తే ఇంకో రకం. నీడే పడకపోతే మాత్రం "ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకోండి, ఆ పాపం నాకొద్దు" అని కాగితం మడిచి లేచిపోతుంది. కిటికీ లేని స్నానాలగదిలో గులాబీ కావాలన్న ఒకావిడతో "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాట్ట వెనకటికెవడో" అని మొహం మీదే అనేసింది. ఆవిడ మళ్లీ రాలేదు. నీడ పిన్నికి దాని గురించి బెంగ కూడా లేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన వాళ్లాయన మాత్రం అప్పుడప్పుడు నిట్టూరుస్తాడు. "నన్ను చేసుకునేటప్పుడు ఇందులో సగం పరీక్ష పెట్టినా మనిద్దరం బాగుపడేవాళ్లం" అంటాడు.

ఈ విద్య ఆవిడకి ఏ బళ్లోనూ అబ్బలేదు. మొక్కల్ని చంపి నేర్చుకుంది. వయసులో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. పొడుగాటి హాలు, ఒక్క కిటికీ లేదు, పొద్దున్నుంచీ ట్యూబులైట్లే. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఊరందరి గొంతులూ కలపడం ఉద్యోగం. మనుషుల గొంతులే తప్ప మొహాలు కనిపించని ఆ హాల్లో కళ్లకి పచ్చగా ఏదైనా ఉంటే బాగుండునని ముందు గులాబీ తెచ్చింది. అది ఆకులు రాల్చేసింది. చామంతి తెచ్చింది, మెడ వాల్చేసింది. మల్లె తెచ్చేసరికి తోటి ఆపరేటర్లు "ఇది ఎక్స్ఛేంజీయా, మొక్కల శ్మశానమా?" అని ఏడిపించడం మొదలుపెట్టారు. చివరికి అందరికంటే పెద్దావిడ ఒకరు, ఫోనుకీ ఫోనుకీ మధ్య తల తిప్పి ఒక మాటన్నారు. "నీకు నచ్చిన మొక్కలు తెస్తున్నావు సరే. ఈ గదికి నచ్చే మొక్క ఎప్పుడైనా తెచ్చావా?" అని, తన బల్ల మీది సీసాలో పాకుతున్న మనీ ప్లాంట్ కణుపొకటి తుంచి ఇచ్చారు. అది బతికింది. ట్యూబులైట్ల కింద, ఎవరూ పట్టించుకోకుండానే, వైర్ల వెంట పాకి గోడ చుట్టింది.

ఎక్స్ఛేంజీ మూతపడ్డాక ఆవిడ ప్రింటింగ్ ప్రెస్ మెట్ల కింద చిన్న కొట్టు పెట్టుకుంది. అక్కడికీ ఎండ రాదు. అందుకే ఆ చోటు ఏరి తీసుకుంది. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, పేర్లు పలకడానికి నోరు తిరగనివి ఇంకొన్ని, అన్నీ దీపపు వెలుతురులో కాపురం చెయ్యగలిగేవే. కొట్టు బోర్డు రాసింది పెయింటర్ గారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో బోర్డులన్నీ ఆయన చేతివే. స్కేలు పెట్టకుండా, గీత గియ్యకుండా, నిచ్చెన మీద నిలబడి ఒక్క ఊపున అక్షరం దింపేవాడు. కింద నిలబడి తప్పులు పట్టడానికి నీడ పిన్ని చాలా ప్రయత్నించింది కానీ దొరకలేదు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి దెబ్బతిన్నాయి. కాలు కొంత దారికొచ్చింది, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది.

ఈ సంగతంతా నీడ పిన్నికి చెప్పింది ఆయన కోడలు. ఇంట్లోనే ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే పిల్ల. ఒకరోజు కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"డాక్టరుగారు చెయ్యి చచ్చిపోలేదంటున్నారు పిన్నీ. వాడితే వస్తుందంటున్నారు. ఇప్పుడు వాడకపోతే మాత్రం ఇక ఎప్పటికీ రాదట. కసరత్తు చేయించే ఆయనొస్తే మామయ్య గోడ వైపు తిరిగి కూర్చుంటారు. నొక్కమని రబ్బరు బంతి ఇస్తే మంచం కింద పారేశారు. ఆ గదికి కిటికీ లేదు. కంటి ముందు ఒక మొక్కైనా ఉంటే..." అంది.

"పద, గది చూపించు" అని నీడ పిన్ని కొట్టుకి తాళం వేసింది.

ఆ గది అంతకుముందు సామాను గది. స్నానాలగదికి రెండడుగుల దూరం కాబట్టి కొడుకు దాన్ని ఖాళీ చేయించి, సున్నం వేయించి, నాన్నకి ఇచ్చాడు. కొడుకు ఎలక్ట్రీషియన్. ఊరి ఇళ్లన్నిటికీ దీపాలు పెట్టేవాడు తండ్రికి తక్కువ చేస్తాడా? కోడలు తలుపు తోసేసరికి గది కళ్లు జిగేల్‌మనేలా వెలిగి ఉంది. "మా ఆయన బిగించాడు పిన్నీ, కొత్త రకం. మామయ్యకి స్విచ్చు వెతుక్కునే పని లేదు" అంది కోడలు గర్వంగా.

పెయింటర్ గారు పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నీడ పిన్ని పలకరించింది, పరాచికాలాడింది, తన బోర్డులో ఒక అక్షరం వంకరగా ఉందని అబద్ధం కూడా ఆడింది. ఆయన ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు. వెనకటి రోజుల్లో అయితే ఆ మాటకి నిచ్చెనెక్కి కొట్లాడేవాడు. ఆవిడ కాగితం పరిచి చెయ్యి చాపింది. వేళ్లు ఐదూ గీసినట్టు కనిపించాయి.

"ఈ దీపం ఎంతసేపు వెలుగుతుందమ్మా?" అని అడిగింది.

"పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటుంది పిన్నీ. నేను టీ ఇవ్వడానికొచ్చినా, మందులివ్వడానికొచ్చినా, ఎప్పుడొచ్చినా వెలిగే ఉంటుంది." ఆ పిల్ల చూసిందే చెప్పింది.

అంత వెలుతురుంటే మామూలు మొక్క ఎందుకని నీడ పిన్నికి ఆశ పుట్టింది. దీపం కిందే తెల్లగా పువ్వు విచ్చే పీస్ లిల్లీ తెచ్చి, ఆయనకి ఎదురుగా బల్ల మీద పెట్టింది. కోడలికి నీళ్లు ఎప్పుడు పొయ్యాలో చెప్పి, ఆయన మొహంలో ఏమైనా కదులుతుందేమోనని కాసేపు చూసి, వచ్చేసింది.

పువ్వు రాలేదు సరికదా, కొన్నాళ్లకి ఆకులు పండబారాయని కబురొచ్చింది. వెళ్లి మట్టిలో వేలు పెడితే బురద బురదగా ఉంది. ఇంకేముంది, పిన్ని నోటికి పని దొరికింది. "ఏమ్మా, మొక్కకి నీళ్లు పొయ్యమన్నానా, ఈత నేర్పమన్నానా?" అని కోడల్ని చెడామడా తిట్టింది. ఆ పిల్ల "లేదు పిన్నీ, చెప్పినదానికన్నా తక్కువే పోశాను" అంటే వినలేదు. "పోసినవాళ్లెవరూ పోశామని చెప్పరులే" అంది. ఇది తొందరపాటు మాట. మొక్క నీళ్లు తాగకపోయినా మట్టి తడిగానే ఉంటుందని తెలిసిన మనిషి ఆ వైపు ఆలోచించాల్సింది. తను కొలిచిన వెలుతురు మీద అంత నమ్మకం ఆవిడకి.

రెండోసారి మనీ ప్లాంట్ తెచ్చింది. చంపుదామన్నా చావని ఘటం అది. ఎక్స్ఛేంజీలో అన్నేళ్లు తనతో పాటు డ్యూటీ చేసిన రకం. "ఇది కూడా పోయిందంటే, ఇక ఈ గదిలో ఏదీ బతకదన్నట్టే" అని నోరు జారి, కుర్చీలోని మనిషి గుర్తొచ్చి, నాలిక్కరుచుకుంది.

ఈసారి కబురు రాకముందే తనే వెళ్లింది. మొక్క చావలేదు, కానీ దాని అవతారం చూస్తే ఏడుపొచ్చింది. పాత ఆకులు పాలిపోయాయి. కొత్త తీగ సన్నగా, దారంలా సాగి, చిన్న చిన్న ఆకులు దూర దూరంగా వేసుకుని, బల్ల అంచు దిగి కిందికి వంగింది. నీడ పిన్నికి అక్కడే ఏదో తేడాగా అనిపించింది. దీపం నడినెత్తిన వెలుగుతుంటే ఏ మొక్కైనా పైకి చూడాలి. ఇది తలుపు వైపు, నేల వైపు దేవులాడుతోంది ఎందుకు?

"టీ పెట్టమ్మా, తల పగిలిపోతోంది" అని కోడల్ని పంపి, ఆయన పక్కన స్టూలు మీద కూలబడింది. మిషను మోత మామయ్యకి పడదని కోడలు అలవాటుగా తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. పిన్నికి ఆరోజు మాట్లాడాలనిపించలేదు. అది ఆవిడ జీవితంలో అరుదైన సంగతి. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ తీగనే చూస్తూ, పక్కన ఆయనలాగే కదలకుండా కూర్చుంది.

దీపం ఆరిపోయింది.

కరెంటు పోయిందనుకుంది. కానీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. తలుపు కింద సందులోంచి సన్నగా వెలుగు గీత పడుతోంది. తీగ పాకుతున్నది సరిగ్గా ఆ గీత వైపే. అమ్మాయిని కేకెయ్యబోయేంతలో చీకట్లో పక్కనించి గొంతు వినిపించింది.

"చెయ్యి... ఊపు."

ఊపింది. గది భగ్గున వెలిగింది.

ఆవిడకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. మనిషి కదిలితే వెలిగే దీపం, కదలకపోతే కాసేపటికి ఆరిపోయే దీపం. కుర్చీలో కాస్త మెసిలితే దానికి ఆనదు, చెయ్యో కాలో బాగా ఆడాలి. ఎవరు తలుపు తోసినా వాళ్ల కదలికకి వెలుగుతుంది కాబట్టి, ఈ గది చీకటిగా ఉండగా చూసినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. తను కాగితం పరిచి కొలిచింది కూడా గది వెలుతురుని కాదు, తను వచ్చినందుకు వచ్చిన వెలుతురుని. తను వెళ్లాక ఏం మిగులుతుందో కొలవలేదు. అన్ని గదులు చూసిన తనకి ఆ ఆలోచనే రాలేదు.

"మీకు తెలుసా అన్నయ్యా ఈ సంగతి?"

"ఊ."

"రోజంతా ఇలా చీకట్లోనే కూర్చుంటున్నారా?"

ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

"ఎడం చెయ్యి బాగానే ఉందిగా! ఒక్కసారి ఊపితే పోయేదానికి, ఎందుకు ఊపరు?"

పెయింటర్ గారు చాలాసేపు మాట కూడదీసుకున్నాడు. "ఎవరి... కోసం?" అన్నాడు.

తలుపు దగ్గర గాజుగ్లాసుల చప్పుడైంది. కోడలు టీ పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట వినేసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీడ పిన్నికి ముందు జాలేసింది, వెంటనే కోపం వచ్చింది. జాలి కన్నా కోపమే ఆవిడకి బాగా అలవాటు.

"మీకు చీకటిష్టమైతే కూర్చోండి, మీ ఇష్టం, మీరు పెద్దవారు. మరి ఇదేం పాపం చేసింది?" అని కుండీ ఎత్తి ఆయన మొహం ముందు పెట్టింది. "దీనికి చేతులున్నాయా ఊపడానికి? నోరుందా, అమ్మాయ్ దీపం వెయ్యమని అడగడానికి? ఆ తలుపు సందులోంచి వచ్చే గీత కోసం ఎలా ఈడ్చుకుంటూ పోయిందో చూడండి. బతుకుదామని దానికుంది. మీ పక్కన పెట్టిన పాపానికి చస్తోంది."

కోడలు "పిన్నీ!" అంది భయంగా. పిన్నికి కూడా ఎక్కువైందనిపించింది. కానీ ఆయన ఆ మాటలు వింటున్నట్టు లేడు. ఆ తీగని చూస్తున్నాడు. మొక్క ఆ గదిలోకి వచ్చినప్పటినుంచి ఆయన దాన్ని చూడడం అదే మొదలు. ఎక్కడ లావుగా బయల్దేరిందో, ఎక్కడ సన్నబడిందో, చివర ఎక్కడ వంపు తిరిగిందో, అక్షరం చూసినట్టు మొదట్నుంచి చివరిదాకా చూశాడు.

ఫోను చేస్తే కొడుకు పని మధ్యలో వదిలేసి వచ్చాడు. విషయం విన్నాక గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. దీపం కిందే చీకటంటారు. ఆ మాట వాణ్ని ఎవరూ అనలేదు, అనక్కర్లేకపోయింది.

"మనిషన్నవాడు కదలకుండా ఎంతసేపుంటాడులే అనుకున్నాను పిన్నీ" అన్నాడు. అని, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి స్టూలెక్కాడు. "ఇప్పుడే పీకేస్తాను నాన్నా. మామూలు లైటు పెడతాను. ఎప్పుడూ వెలిగే ఉంటుంది."

"వద్దు."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఉంచు" అన్నాడు పెయింటర్ గారు. తర్వాతి మాట కోసం పెదవులు రెండుసార్లు తప్పుదారి పట్టాయి. "నేను... చూసుకుంటా."

ఏం చూసుకుంటాడో, ఎలా చూసుకుంటాడో ఎవరూ అడగలేదు. కొడుకు స్టూలు దిగాడు. మొక్కని ముందు గదికి మార్చేద్దామని కోడలు అనబోతే నీడ పిన్ని కన్నెర్ర చేసింది. తనకీ ధైర్యం లేదు. ఈయన రెండు రోజులు ఊపి మానేస్తే మొక్కా పోతుంది, ఈయన మీద ఆ చిన్న ఆశా పోతుంది. అయినా సరే, అక్కడే ఉండనిమ్మంది. పండిన ఆకులు గిల్లేసి, దారంలా సాగిన తీగని సగానికి కత్తిరించి, వెళ్లేటప్పుడు కోడలి తల నిమిరింది. "నీళ్ల విషయంలో నిన్ను ఊరికే తిట్టానమ్మా. మనసులో పెట్టుకోకు" అంది. ఆ పిల్ల "పెట్టుకుంటాను పిన్నీ, ఒక మొక్క ఊరికే ఇచ్చేదాకా" అని ఏడుపులోనే నవ్వింది.

ఆ తర్వాత నీడ పిన్నికి ఆ వీధిలో పనులెక్కువయ్యాయి. పాలకని వెళ్తుంది, జాకెట్టు కుట్టించుకోవాలని వెళ్తుంది. ఆవిడకి అన్ని జాకెట్లు ఎందుకో వాళ్లాయనకి తెలుసు కాబట్టి అడగలేదు. వెళ్లినప్పుడల్లా చప్పుడు చెయ్యకుండా తలుపు కింద సందు చూసేది. లోపల వెలుగుంటే ఆ పూటకి ప్రాణం కుదుటపడేది. కొన్నిసార్లు ఉండేది కాదు. ఒకసారి గీత లేకపోయేసరికి తలుపు బయటే గుండె పట్టుకుని నిలబడింది. అంతలోనే లోపల పేము కుర్చీ కిర్రుమంది, గీత మెరిసింది. కునుకు పట్టిందట ఆయనకి.

కోడలు వచ్చి చాడీలు చెప్పడం మొదలుపెట్టింది. "నేను నీళ్లు పోస్తే వేలు పెట్టి చూస్తున్నారు పిన్నీ. నిన్న చాలు చాలు అని నా మీద అరిచారు. మాట ఎంత బాగా వచ్చిందో తెలుసా!" అంది. తిట్లు తిన్నందుకు అంత సంబరపడిన కోడల్ని ఎక్కడా చూడలేదని పిన్ని నవ్వింది. కత్తిరించిన చోట పచ్చటి మొలక లేచింది, అది ఆకైంది. కుదురైన ఆకు. తీగ ఇప్పుడు తలుపు వైపు చూడ్డం మానేసి దీపం వైపు తిరిగింది. కొట్లో దిగులుపడ్డ మొక్కలు ఒకటి రెండు తెచ్చి, "మీ దగ్గరైతే కోలుకుంటాయి అన్నయ్యా" అని నీడ పిన్ని ఆ బల్ల మీదే పెట్టింది. ఆయన కాదనలేదు.

అయితే ఊపేది ఎడం చెయ్యే. కుడి చెయ్యి ఒళ్లోనే ఉండేది. వాడకపోతే ఇక రాదన్న డాక్టరు మాట ఇంటిల్లిపాదికీ గుర్తుంది. నీడ పిన్నికీ గుర్తుంది. అడిగితే మళ్లీ గోడ వైపు తిరుగుతాడేమోనని నోరు కట్టుకుని కూర్చునేది.

ఆ రోజు కూడా అలాగే కూర్చుంది. కోడలు ఇద్దరికీ టీ ఇచ్చి, ముందు గదిలో ఎవరో కొలతలివ్వడానికొస్తే వెళ్లింది. ఆయన ఎడం చేత్తో గ్లాసు పట్టుకున్నాడు, అంచుదాకా నిండుగా, పొగలు కక్కుతోంది. నీడ పిన్ని తన గ్లాసు నేల మీద పెట్టింది. చల్లారాలని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. మొక్క మీద చూపు పెట్టి, మాటలేమీ లేకుండా.

దీపం ఆరిపోయింది.

నీడ పిన్ని చెయ్యి దానంతటదే లేవబోయింది. లేవనివ్వలేదు. మెల్లగా రెండు చేతులూ తొడల కిందికి దోపుకుని, వాటి మీద గట్టిగా కూర్చుంది. ఊపిరి కూడా మెల్లగా పీల్చింది. ఆయన గ్లాసు పక్కన పెడతాడేమో, లేదా అమ్మాయిని పిలుస్తాడేమో. పిలవలేదు. చీకట్లో పేము కుర్చీ కిర్రుమంది. తర్వాత బరువుగా ఒక నిట్టూర్పు. ఏమీ కాలేదు. మళ్లీ కుర్చీ కిర్రుమంది. బట్ట రాసుకున్న చప్పుడు. అప్పటికీ చీకటే. వదిలెయ్యండి అన్నయ్యా అని నోటిదాకా వచ్చింది ఆవిడకి. మింగేసింది.

గది వెలిగింది.

ఆయన ఎడం చేతిలో టీ అలాగే ఉంది. కుడి చెయ్యి గాల్లో ఉంది. పూర్తిగా లేవలేదు. మోచెయ్యి ఒంటికి అతుక్కునే ఉంది, పిడికిలి భుజం దగ్గరికి వచ్చి ఆగింది, వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. గాలిలో ఆకులా వణుకుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. నీడ పిన్నికి కళ్లనీళ్లు జలజలా కారాయి, తుడుచుకోవడానికి చేతులు తొడల కింద ఉన్నాయన్న సంగతే మర్చిపోయింది.

"వెలిగింది అన్నయ్యా" అంది. "ఇక దించండి, నొప్పి పుడుతుంది."

ఆయన దించలేదు. దీపాన్నీ చూడలేదు, మొక్కనీ చూడలేదు. వణుకుతున్న ఆ చేతినే చూస్తున్నాడు.

"ఉండు చెల్లెమ్మా" అన్నాడు. "చూడనీ."